అప్పుడు, ఇప్పుడు, మధ్యలో

చెన్నై

చిరంజీవి వాసంతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన ఫోటోల కట్టా అందాయి. ఆర్కిటెక్చర్ కాలేజీలో ఇంకా అడుగే పెట్టలేదు, అప్పుడే ఊరిని వెతుక్కోవడం మొదలుపెట్టావు. మంచిదే. ఎడమ పేజీలో పాత ఫోటో, కుడి పేజీలో అదే చోట నువ్వు తీసిన కొత్త ఫోటో, కింద పేరూ సంవత్సరమూ పెట్టి "మాయమైన మద్రాసు" అని ఆల్బమ్ చేస్తానన్నావు. చేయి. కాకపోతే ఆ రెండు బొమ్మల మధ్య కాస్త జాగా వదులు. ఎడమ పేజీలో ఉన్నది కుడి పేజీలో ఉన్నదిగా ఎలా మారిందో రాయాల్సిన చోటు అది. ఆ మధ్య కథ లేకపోతే, చూసినవాళ్ళు "అయ్యో, ఎంత బాగుండేదో" అనేసి పేజీ తిప్పేస్తారు. అయ్యో అనిపించడానికి నీ ఆల్బమ్ దేనికి, పెళ్ళిపందిట్లో మీ తాతయ్య పక్కన కూర్చుంటే చాలు.

కట్టలో పైనున్నది మూర్ మార్కెట్. దాంతోనే మొదలుపెడతాను, నీకు దగ్గరి సంగతి కనుక. సూళ్లూరుపేటలో లోకల్ ఎక్కి నువ్వు సెంట్రల్ పక్కన దిగే స్టేషన్ ఉందే, రైల్వేవాళ్ళ లెక్కలో దాని పేరు మూర్ మార్కెట్ కాంప్లెక్స్. మార్కెట్ పోయి ఇన్నేళ్ళయినా పేరు మాత్రం టైం టేబుల్‌లో ఉండిపోయింది. బ్రాడ్వేలో కిక్కిరిసిపోయిన చిరువ్యాపారుల్ని ఒకచోట కూర్చోబెట్టడానికి 1898లో పునాది వేసి 1900లో తెరిచారు. అప్పటి కార్పొరేషన్ అధ్యక్షుడు సర్ జార్జ్ మూర్ పేరు పెట్టారు. నీ ఫోటో నలుపు తెలుపుది, తెలియదు గానీ మొత్తం ఎర్ర ఇటుక. బయట వరస కమాన్లు, లోపల నడవలు. పాత పుస్తకాలు, గ్రామఫోన్ రికార్డులు, పంజరాల్లో చిలుకలు, సెకండ్ హ్యాండ్ కోట్లు, ఎవరింట్లోనో వేలం వేసిన అద్దాల బీరువాలు, అన్నీ అక్కడ దొరికేవి. అట్ట ఊడిన 'భారతి' సంచికల్ని జనపతాడుతో కట్టి అమ్మేవాళ్ళు. ఇంట్లో పెద్దాయన పోయిన మర్నెల్లో ఆయన పుస్తకాలు ఇక్కడికి వచ్చి చేరేవని మాకు తెలుసు. మొదటి పేజీలో సంతకం, పక్కన ఊరిపేరు ఉండేవి. ఏలూరు, బందరు, ఒంగోలు. బేరమాడుతూనే ఆ ఊరిపేర్లు చదువుకునేదాన్ని.

ఇక మధ్యలో జరిగింది. సబర్బన్ రైళ్ళు పెరిగాయి, సెంట్రల్ ఇరుకైంది, పక్కనున్న మార్కెట్ స్థలం రైల్వేకి కావాలన్న మాట పుట్టింది. కొట్లవాళ్ళు కదలమన్నారు. ఆ గొడవ నలుగుతుండగానే 1985 మే 30న మార్కెట్ తగలబడింది. కాలిందా, కాల్చారా అని ఊరంతా గుసగుసలాడుకుంది, ఆ గుసగుస ఇప్పటికీ చల్లారలేదు. నువ్వు రెండిట్లో ఏదీ తేల్చి రాయకు. స్థలం కావాలన్న మాట ముందు, మంట తర్వాత అన్న వరస మాత్రం రాయి. ఆ వరసే చాలా చెబుతుంది. కొట్లవాళ్ళు అల్లికుళం కాంప్లెక్స్‌కి పోయారు, మిగిలిన గోడలు కూల్చారు, స్టేషన్ లేచింది. దాని పక్కనే మార్కెట్ చిన్న నమూనా ఒకటి కట్టిపెట్టారు, చూడు. మరో సంగతి, మార్కెట్ పక్కన పీపుల్స్ పార్కులో ఉన్న జంతుప్రదర్శనశాల కూడా అదే 1985లో వండలూరుకి తరలిపోయింది. పొద్దున పులిని చూసి మధ్యాహ్నం మార్కెట్లో బొమ్మ కొనుక్కుని సాయంత్రం రైలెక్కే కుటుంబాల ఆదివారం ఒక్క ఏడాదిలో ముగిసిపోయింది. ఆ సంగతి ఏ ఒక్క ఫోటోలోనూ దొరకదు. రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకుంటేనే తెలుస్తుంది.

స్పెన్సర్ ఫోటో చూడు. అదీ మంటల్లోనే పోయింది గానీ కథ వేరు. 1895లో యూజీన్ ఓక్‌షాట్ కట్టించిన ఎర్ర భవనం, నక్షా గీసింది పోగ్సన్. ఆసియాలోనే పెద్ద దుకాణమని చెప్పుకునేవారు. 1980ల్లో కాలిపోయాక అక్కడ స్పెన్సర్ ప్లాజా వచ్చింది. అక్కడ స్థలం కంపెనీది, పేరూ కంపెనీది, కాలినచోట మళ్ళీ ఏం కట్టాలో చెప్పగలిగినవాళ్ళు ఉన్నారు. మూర్ మార్కెట్లో కొట్లు పెట్టుకున్నవాళ్ళకి కాలిన స్థలంలో పట్టుమని గజం హక్కు లేదు. రెండు భవనాలూ ఎర్రవే, రెండూ కాలాయి అని ఒకే వాక్యంలో కలిపి రాస్తావేమో, అలా రాయకు. నేల ఎవరిదన్నది ప్రతిసారీ అడుగు.

మంట లేకుండా పోయినవాటి సంగతి ఇంకా చిక్కు. సెంట్రల్ ఎదుట ఉండే పాత సెంట్రల్ జైలు 2009లో కూల్చారు. ఖైదీల్ని పుళల్‌కి మార్చేశాక కొన్నాళ్ళు జనాన్ని లోపలికి రానిచ్చారు. జైలు బతికి ఉన్నంతకాలం లోపల కెమెరా పెట్టనిచ్చేదెవరు? అందుకే నా కంటబడ్డ ఫోటోలన్నీ ఆ చివరి రోజులవే, ఖైదీలు లేని కొట్లూ, సెల్‌ఫోన్లు పట్టుకున్న సందర్శకులూ. జెమిని దగ్గర ఉడ్‌లాండ్స్ డ్రైవిన్ 1962 నుంచి 2008 దాకా నడిచింది. కార్లోనే కూర్చుని ఇడ్లీ తినే చోటు, సినిమావాళ్ళకి కథాచర్చల అడ్డా. నేల లీజుది, కోర్టు వ్యవహారాలు నడిచి ప్రభుత్వం చేతికి వచ్చింది. అక్కడ ఇప్పుడున్న సెమ్మొళి పూంగా చక్కటి తోట. మధ్యలో జరిగింది ఎప్పుడూ దుర్మార్గమే కానక్కర్లేదని చెప్పడానికి దాన్ని తప్పకుండా పెట్టు. జెమిని స్టూడియో పోయి, 1973లో వచ్చిన ఫ్లైఓవర్‌కి పేరు మిగిలింది. బోర్డు మీద అన్నా ఫ్లైఓవర్ అని ఉన్నా ఆటోవాడితో అలా అని చూడు, ఎక్కడమ్మా అంటాడు. వడపళని వాహినీ స్టూడియో ఫ్లోర్లున్న చోట మాల్ వచ్చింది. దాని గురించి ఇప్పటికే అందరూ రాశారు, నువ్వు వదిలేసినా ఫర్వాలేదు.

అసలు నువ్వు ఆగాల్సింది గెయిటీ సినిమాహాలు దగ్గర. నీ కట్టలో దాని ఫోటో ఒకటే ఉంది, అదీ మసక. మౌంట్ రోడ్డు పక్కన బ్లాకర్స్ రోడ్డులో 1914లో దాన్ని కట్టినాయన రఘుపతి వెంకయ్య, బందరులో పుట్టినవాడు. ఆయన వృత్తి ఏమిటో తెలుసా, ఫోటోగ్రాఫర్! మౌంట్ రోడ్డు ప్రాంతంలోనే స్టూడియో నడిపాడు. బొమ్మ కదులుతూ మాట్లాడుతుందని విని, స్టూడియోని తాకట్టుపెట్టి క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించాడు. గ్రామఫోన్‌నీ ప్రొజెక్టర్‌నీ జోడించిన యంత్రం అది. విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆడించాడు, డేరా వేసుకుని ఊళ్ళు తిరిగాడు, సిలోన్, బర్మా దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి గెయిటీ కట్టాడు, తర్వాత క్రౌన్, గ్లోబ్. మద్రాసులో ఒక భారతీయుడు కట్టిన తొలి సినిమాహాలుగా గెయిటీ పేరు నిలిచింది. తన కొడుకు ప్రకాష్‌ని సినిమా విద్యకి విదేశాలకు పంపాడు, 1921లో అతను తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' వచ్చింది. ఈ శతాబ్దం మొదట్లో గెయిటీని కూల్చేశారు. మంట లేదు, ప్రభుత్వ ఉత్తర్వు లేదు. ఒక్క తెర ఉన్న హాలు కింద మౌంట్ రోడ్డు పక్క నేల, ఆ నేల విలువ ముందు టికెట్ డబ్బులు ఎంత? టీవీ వచ్చింది, వీడియో వచ్చింది, బాల్కనీ ఖాళీ అయింది. గెయిటీ తర్వాత అర్ధశతాబ్దానికి, 1964లో, ఒకే ఆవరణలో మూడు హాళ్ళతో ఎంతో ఆర్భాటంగా తెరిచిన సఫైర్ ముందే పోయింది. ముసలి గెయిటీ కంటే అదే తక్కువ బతికింది. అందం, వయసు, చరిత్ర అన్నవేవీ భవనాన్ని కాపాడవని నీ కాలేజీలో చెబుతారో లేదో, ఈ రెండు హాళ్ళనీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇప్పుడు ఫోటో చదవడం గురించి నాలుగు ముక్కలు. కింద అచ్చువేసిన సంవత్సరాన్ని నమ్మకు. నేను పత్రికలో పనిచేసిన కాలంలో ఫోటో కింద రెండు ముక్కలు రాయడమంటే, ఫారం మెషీన్ ఎక్కబోయే ముందు ఎవరు ఖాళీగా కనిపిస్తే వాళ్ళ నెత్తిన పడే పని. రాసినవాళ్ళు ఆ చోటు చూసి ఉండకపోవచ్చు. ఒకసారి అచ్చయిందా, దాన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. సంవత్సరం ఫోటో లోపలే వెతుక్కో. ఎలక్ట్రిక్ ట్రాము నడుస్తూ కనిపిస్తే అది 1895కీ 1953కీ మధ్యది. స్పెన్సర్ దగ్గర్లో బ్రిటిష్ సేనాని నీల్ విగ్రహం ఉందా, 1937 తర్వాతది కాదు. ఆ ఏడాదే రాజాజీ ప్రభుత్వం దాన్ని తీయించి ఎగ్మోర్ మ్యూజియంకి పంపింది. ఆకాశంలో ఎల్‌ఐసీ భవనం కనిపిస్తే 1959కి ఇవతలిది. నువ్వు "1940ల మౌంట్ రోడ్డు" అని రాసిపెట్టిన ఫోటోలో కుడి మూలన చెట్ల వెనక నిలువుగా ఉన్నది ఏమిటో భూతద్దం పెట్టి చూడు.

గోడల మీది సినిమా పోస్టర్లు ఇంకా పనికొస్తాయి. ఇక్కడ నీకో వెసులుబాటు ఉంది. లండన్లో కూర్చుని పాత మద్రాసు ఫోటోలకి పట్టిక రాసినవాళ్ళకి తెలుగు వచ్చి ఉండకపోవచ్చు. నీకు వచ్చు. మసకగా సగం పేరు కనబడినా 'పాతాళభైరవి' అని పోల్చుకుంటే 1951, 'మాయాబజార్' అయితే 1957. అంతకంటే ముందు తీసిన ఫోటో అయ్యే వీలే లేదు. మొదటి ఆట పోస్టరా, మళ్ళీ వేసినప్పటిదా అన్నది మాత్రం చూసుకో, పాత సినిమాల్ని మళ్ళీ మళ్ళీ ఆడించేవాళ్ళు. దుకాణాల బోర్డులూ అంతే. పార్క్ టౌన్, జార్జ్ టౌన్ వీధుల్లో ఇంగ్లీషు, తమిళం పక్కన తెలుగు అక్షరాలు కనిపిస్తే వదలకుండా రాసుకో. మద్రాసు మనదా వాళ్ళదా అన్న పాత తగాదాలోకి దిగమని కాదు నేననేది, అది 1953కే తేలిపోయింది. ఆ వీధిలో ఎవరు కొనేవాళ్ళో, ఎవరు అమ్మేవాళ్ళో ఆ బోర్డు చెబుతుంది, అంతే.

బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నా, బండ్లు రోడ్డుకి కుడివైపున పోతున్నా నెగెటివ్‌ని వెనక్కి తిప్పి అచ్చువేశారన్నమాట. నీ కట్టలో సెంట్రల్ స్టేషన్ ఫోటో ఒకటి అలాంటిదే. గడియారం అంకెలు చూడు. రంగుల పోస్టుకార్డులుంటే ఆ రంగుల్ని ఆధారం చేసుకోకు, నలుపు తెలుపు ఫోటో మీద ఎక్కడో కూర్చుని ఎవరో అద్దినవి అవి. ఇప్పటి ఫోన్ యాప్‌లు ఇంకా ఘోరం. పాత ఫోటోకి రంగు వేయడమే కాకుండా మసకగా ఉన్న ముఖాలకి కొత్త కళ్ళూ ముక్కులూ పెడుతున్నాయి, బోర్డు మీద లేని అక్షరాలు పుట్టిస్తున్నాయి. ఆల్బమ్‌లో అలాంటిది ఒక్కటి దూర్చినా నేను చూడను.

ఇంకో మోసం ఉంది, అది మనుషులు చేసేది కాదు. 1850ల తొలినాళ్ళలో ఫ్రెడరిక్ ఫీబిగ్ తీసిన మద్రాసు ఫోటోలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వీధులు నిర్మానుష్యంగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. అప్పట్లో కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. నడిచిపోయేవాళ్ళు, ఎద్దుబండ్లు, బిచ్చగాళ్ళు ఆ బొమ్మలో నిలవరు. అక్కడక్కడ పొగలాంటి మరక ఉంటుంది, అంతే. గోడా, చెట్టూ, కదలకుండా నిలబడ్డ బంట్రోతూ మాత్రం మిగులుతారు. "ఆ రోజుల్లో ఎంత ప్రశాంతంగా ఉండేదో" అని రాయబోయే ముందు ఆ మరకల్ని వెతుకు.

ఫోటోలో ఎవరున్నారో చూశాక, లోపలికి ఎవరిని రానిచ్చారో అడుగు. నువ్వు పంపినవాటిలో పెద్ద స్తంభాల భవనం ఉంది కదా, 'మద్రాస్ క్లబ్' అని. 1832లో పెట్టిన క్లబ్, తెల్లవాళ్ళది. ఆ ఆవరణ తర్వాత పత్రికాధిపతి రామ్‌నాథ్ గోయెంకా చేతికి వచ్చి ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్ అయింది. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా ఉన్న ఆంధ్రప్రభ ఆయన సంస్థ పత్రికే. ఒకప్పుడు మనవాడెవడూ సభ్యుడిగా అడుగుపెట్టలేని చోట తెలుగు అచ్చుగుండ్లు కూర్చారు, ప్రూఫులు దిద్దారు. 2010లో అక్కడ ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్ తెరిచారు. నీ పద్ధతిలో ఎడమ పేజీలో క్లబ్, కుడి పేజీలో మాల్ పెడితే మన కథ మొత్తం కుట్టుమడతలో పోతుంది. ఆ భవనం ఒక్కసారిగా మాయం కాలేదు. క్లబ్ ఒకసారి పోయింది, పత్రిక ఒకసారి పోయింది, రాయీ సున్నమూ చివరిసారి పోయాయి.

ఆధారాలకి ఎక్కడికి వెళ్ళాలని అడిగావు. కన్నెమరా లైబ్రరీ ఎలాగూ వెళ్తావు. ఎస్. ముత్తయ్య పుస్తకాలు చదువు. ఆయన 2019లో పోయారు గానీ ఈ ఊరి వీధులమీద ఇంత ఓపిగ్గా రాసినవాళ్ళు మరొకరు లేరు. అసైలం ప్రెస్ ఆల్మనాక్ అని పాత వార్షిక డైరెక్టరీలు ఉంటాయి, ఏ వీధిలో ఎవరి దుకాణం ఉందో వరసగా దొరుకుతుంది. అన్నిటికంటే ఎవరూ చూడనివి మన పత్రికల్లోని ప్రకటనలు. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలు తీసి వ్యాసాలు వదిలేసి, ప్రకటనలు చదువు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం అమ్మిన డబ్బుతో పత్రిక నడిపినాయన, ప్రకటన విలువ తెలిసినవాడు. కళ్ళద్దాల కొట్టు, గ్రామఫోన్ కొట్టు, ఫోటో స్టూడియో, అన్నీ చిరునామాతో సహా ఉంటాయి. ప్రెస్ అకాడమీవాళ్ళు పాత పత్రికల్ని స్కాన్ చేసి పెట్టారు, రాత్రిపూట ఫోన్లో సినిమాలు చూసే బదులు అవి తిరగేయి.

ఆ చోట నిలబడి కొత్త ఫోటో తీసేటప్పుడు ఊరికే ఎదురుగా నిలబడి నొక్కేయకు. పాత ఫోటోలో ఇప్పటికీ మిగిలినవి రెండు చూసుకో. సెంట్రల్ గడియారపు బురుజూ, విక్టోరియా హాల్ అంచూ అనుకో. పాత ఫోటోలో ఆ రెండూ ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయో, అంతే ఎడం కనిపించేదాకా అటూ ఇటూ జరుగు. ఎడం కలిసిన చోటే పాత ఫోటోగ్రాఫర్ మూడుకాళ్ళ పీట వేసింది. ఒక్కోసారి ఆ చోటు ఇప్పుడు బస్సు దారి మధ్యలో పడుతుంది. అప్పుడు ఫోటో వద్దు, ప్రాణం ముఖ్యం.

పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు "ఆ రోజుల్లో ఎలా ఉండేది" అని అడగకు. అలా అడిగితే అందరూ ఒకే పాట పాడతారు. ఫోటో చేతికిచ్చి, మీరు ఏ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళేవాళ్ళు, చెప్పులు ఎక్కడ విడిచేవాళ్ళు, ఆడవాళ్ళకి వేరే వరస ఉండేదా, ఇంటికి ఏ బస్సులో పోయేవాళ్ళు అని అడుగు. చెయ్యి తనంతట తను ఫోటో మీదికి వెళ్తుంది, "ఇదిగో ఇక్కడ" అంటారు. ఆ వేలు ఎక్కడ ఆగిందో రాసుకో. వాళ్ళ ఆల్బమ్ ఇస్తే అక్కడే స్కాన్ చేసుకుని తిరిగిచ్చేయి, ఇంటికి తెచ్చుకోకు. ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చేయి, స్టూడియో ముద్ర ఉండేది అక్కడే. ఏమైనా రాయాలంటే మెత్తటి పెన్సిలుతో, అంచున. బాల్ పెన్ను, సెల్లో టేపు, లామినేషన్ ఈ మూడూ నీ గదిలో కూడా ఉండకూడదు.

నువ్వు నాలుగు పుటల ముందుమాట రాసి పంపావు, "కాలగర్భంలో" అని మొదలయ్యేది. అది పక్కన పెట్టు. ముందు గెయిటీకి మధ్య కథ రాయి, పది వాక్యాలు దాటకుండా. వెంకయ్య పేరు, నేల, టికెట్, కూల్చివేత, అన్నీ రావాలి. విశేషణాలు ఎన్ని వాడతావో అన్నిటికీ ఎర్ర సిరా సిద్ధంగా ఉంది. కాలేజీ తెరిచేలోగా పంపితే దిద్ది పోస్టు చేస్తాను.

మీ అమ్మకీ నాన్నకీ నా మాటగా చెప్పు. హాస్టల్ కుదరకపోతే మా ఇంట్లో మేడమీది గది ఖాళీగానే ఉంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ